వదిలేయండి బాబాయిగారూ

జూలై 7, ఆదివారం

విచారణ అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడొద్దని కంపెనీవాళ్లు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పేపర్లవాళ్లతో వద్దు, టీవీవాళ్లతో వద్దు, ప్రయాణికులతో వద్దు, చివరికి నాతో పాటు ఆ విమానంలో పనిచేసిన ఎలిజబెత్‌తో కూడా వద్దు. నోట్‌బుక్కుతో మాట్లాడొద్దని మాత్రం అందులో లేదు. రెండుసార్లు చదివి చూశాను. అందుకని రాస్తున్నాను.

పామర్రులో అమ్మ దగ్గర ఉన్నాను. మోచేయి కమిలింది. ఏం తిన్నా పొగ వాసనే. అంతకుమించి నాకేమీ కాలేదు, గుండ్రాయిలా ఉన్నాను.

గురువారం పొద్దున హైదరాబాద్ నుంచి వచ్చిన మా విమానం గన్నవరంలో దిగుతూనే ఎడమ టైరు పేలింది. పక్కకి ఈడ్చుకుపోయి గడ్డిలో ఆగింది. రెక్క కింద మంట లేచింది. చిన్న విమానం, అరవై ఒక్క మంది ప్రయాణికులు. ముందు తలుపు దగ్గర ఎలిజబెత్, వెనక తలుపు దగ్గర నేను. అరవై మంది దిగారు. ఒకావిడ దిగలేదు. సుస్మిత. ముప్ఫై ఒక్కేళ్లు. విజయవాడ వన్ టౌన్.

నేను రూలు ప్రకారం అరిచాను. రిపోర్టులో కూడా అదే రాశాను.

జూలై 8, సోమవారం

అమ్మ కర్రీ పాయింట్ తెరిచింది. వద్దంటే వినదు. "నాలుగు రోజులు మూసేస్తే జనం పక్క కొట్టుకి అలవాటుపడిపోతారే" అంటుంది. నేను లోపల గదిలో పడుకున్నా మాటలన్నీ వినపడుతూనే ఉంటాయి.

"విమానంలో అందర్నీ దింపింది మీ అమ్మాయేనటగా మాణిక్యమ్మ గారూ?"

"అవునండీ, మా ఉషే. చిన్నప్పటి నుంచీ దానికి ధైర్యం ఎక్కువండీ."

వచ్చినవాళ్లందరికీ దొండకాయ వేపుడుతో పాటు నా ధైర్యం కూడా పొట్లం కట్టి ఇస్తోంది. కౌంటరు మీద గోడకి నా అవార్డు ఫొటో ఒకటి తగిలించింది, పోయినేడు వచ్చింది. ప్రయాణికులతో అందరికంటే మర్యాదగా ఉన్నందుకు ఇచ్చారు. ఆ ఏడాదే ఎలిజబెత్ మీద మూడు ఫిర్యాదులు వచ్చాయి, పెద్దవాళ్లని 'నువ్వు' అంటుందని.

ఇప్పుడు కూడా ఎవరో కంపెనీకి రాశారట ఎలిజబెత్ గురించి. ప్రాణాలతో దిగి, ఇంటికెళ్లి, స్నానం చేసి, భోంచేసి, అప్పుడు కూర్చుని రాశారు. ప్రమాద సమయంలో సిబ్బంది మమ్మల్ని ఏకవచనంలో సంబోధించారు, అని. ఆ సంగతి ఎలిజబెత్తే మెసేజ్ పెట్టింది, చివర నవ్వే బొమ్మ పెట్టి. కాగితం మీద సంతకం దానికి ఒక లెక్కా! నేను జవాబివ్వలేదు.

నేను కూడా అరిచాను.

జూలై 9, మంగళవారం

టీవీలో ఫొటో వేశారు. కాలిన సీట్ల మధ్య ఒక నల్ల బ్యాగు, సగం కాలింది. జిప్పుకి ఎర్ర దారం ముక్క. సుస్మిత గారు పడిపోయినచోట, ఆవిడ పక్కనే దొరికిందట. కింద ఇంత లావు అక్షరాలతో 'బ్యాగు కోసం ప్రాణం' అని రాత్రి దాకా తిప్పారు. కోటు వేసుకున్న ఒకాయన కూర్చుని, మన జనానికి ప్రాణం కంటే సామాను ఎక్కువైపోయిందండీ, అంటూ చేతులు తిప్పాడు.

అమ్మ బీరకాయ చెక్కు తీస్తూ, "ఏం పోయేకాలమే ఆ పిల్లకి? మొగుడూ బిడ్డా ఉన్నదాయె, అంత బ్యాగు కావాల్సొచ్చిందా?" అంది.

ఒళ్లు మండిపోయింది నాకు. "నువ్వు చూశావా? నీకేం తెలుసని వాగుతున్నావ్?" అని ఎగిరిపడ్డాను. అమ్మ బిత్తరపోయి చూసింది. బయట కూర కోసం నిలబడ్డవాళ్లు కూడా చూశారు.

జూలై 10, బుధవారం

వాన. ఏమీ తోచలేదు.

జూలై 11, గురువారం

ఆవిడ చేతిలో బ్యాగు లేదు.

జూలై 12, శుక్రవారం

చూడలేదేమో అనిపిస్తోంది ఇవాళ. ఆ పొగలో ఎవరి చేతిలో ఏముందో ఎవరికి కనిపిస్తుంది? ఉన్నా ఉండొచ్చు. టీవీవాళ్లు అన్నదే నిజమైతే ఎవరికీ ఏ గొడవా లేదు. సోమవారం 22న గన్నవరంలో విచారణ. వెళ్లి, రిపోర్టులో ఏం రాశానో అదే చెప్పి, ఆగస్టుకల్లా డ్యూటీలో చేరిపోతాను.

అన్నం సహించడం లేదు. అమ్మ చారు పోసి కలిపి పెట్టింది, అదీ పోలేదు.

జూలై 14, ఆదివారం

ఇవాళ ఒకాయన వచ్చారు. ఆటో దిగి, చెప్పులు బయట విప్పి, అరటిపళ్ల సంచి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. తెల్ల లాల్చీ, పంచె. చూడగానే గుర్తుపట్టాను.

"నన్ను గుర్తుపట్టావా అమ్మా? పద్నాలుగో వరసలో ఉన్నాను. నా పేరు బసవయ్య. ఉయ్యూరు. హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను."

అమ్మ హడావిడిగా కుర్చీ వేసింది. మంచినీళ్లు, కాఫీ. ఆయన కూర్చుని అమ్మ వంక తిరిగారు.

"మీ అమ్మాయికి దణ్ణం పెట్టి వెళ్దామని వచ్చానండీ. ముందు తలుపు దగ్గర ఇంకో పిల్ల ఉంది చూడండి, 'లే! కదులు! దూకు!' అని గొడ్లని అదిలించినట్టు అదిలిస్తుంది. పెద్దా చిన్నా లేదు. ఈ అమ్మాయి అంత మంటలో కూడా 'వదిలేయండి బాబాయిగారూ' అంది. మా కోడలు కూడా నన్నంత మర్యాదగా పిలవదండీ. ఎలా పెంచారో!"

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అదేముందిలెండి, పెద్దవాళ్లు కనపడితే దానికి నోట్లోంచి వేరే మాట రాదు" అంది. మా నాన్న పోయాక ఇంత సంతోషంగా అమ్మ మొహం నేను చూడలేదు. నేను అరటిపళ్ల వంక చూస్తూ కూర్చున్నాను.

వెళ్లబోతూ ఆయన గొంతు తగ్గించారు. "ఒక చిన్న సాయం చెయ్యాలమ్మా. నాది ఇంకో బ్యాగు లోపలే ఉండిపోయింది. మా ఆవిడ సీతమ్మ రిపోర్టులు, స్కానింగులు అన్నీ అందులోనే ఉన్నాయి. హైదరాబాదులో పెద్ద డాక్టరుకి చూపించి వస్తున్నాను. ఆయన రాసిచ్చిన కాగితం కూడా అందులోనే ఉంది. ఎక్కడైనా దొరికిందేమో కనుక్కుంటావా? నల్ల బ్యాగు. గుర్తుకి జిప్పుకి ఎర్ర దారం కట్టాను."

"టీవీలో..." అంది అమ్మ.

"మా ఆవిడ మంచాన పడ్డప్పటి నుంచీ టీవీ పెట్టడం లేదండీ" అన్నారాయన.

అమ్మ నా వంక చూసింది. నేను, "కనుక్కుంటానండీ" అన్నాను. గుమ్మం దాకా వెళ్లి సాగనంపాను కూడా.

జూలై 15, సోమవారం

రాసేస్తాను. ఇంక దాచుకుని ఏం లాభం, ఈ పుస్తకం చదివేది నేనే.

ట్రైనింగ్ అంతా ఇంగ్లీషులో. 'లీవ్ ఎవ్రీథింగ్! కమ్ దిస్ వే! జంప్!' రబ్బరు బొమ్మల్ని సీట్లలో కూర్చోబెట్టి మా చేత అరిపించేవాళ్లు. నేను బ్రహ్మాండంగా అరిచేదాన్ని. ఇంగ్లీషులో అందరూ 'యూ'యే. తొంభై సెకన్లలో విమానం ఖాళీ చెయ్యాలి. కదలనివాణ్ణి కాలరు పట్టుకుని లాగాలి, నెట్టాలి, అవసరమైతే కాలితో తన్నాలి. పరీక్షలో నాకు నూటికి తొంభై ఆరు వచ్చాయి.

ఆ గురువారం కూడా ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. వెనక వరసల్లో ఉన్న కుర్రాళ్లు గబగబా దూకేశారు. అప్పుడు చూస్తే పద్నాలుగో వరస దగ్గర ఈయన నిలబడి ఉన్నారు. రెండు చేతులూ పైకెత్తి, సామాన్ల అరలోంచి బ్యాగు లాగుతున్నారు. నాకూ ఆయనకీ నాలుగడుగులు. మా విమానంలో నడవ ఒక్క మనిషి వెడల్పు, ఆయన్ని దాటి ఎవరూ రాలేరు. మధ్య వరసల్లోంచి పొగ వస్తోంది.

'లీవ్ ఇట్!' అని అరిచాను. ఆయన తల తిప్పి, "ఏంటమ్మా?" అన్నారు.

అంతే. ఆ 'ఏంటమ్మా' వినగానే నేను పామర్రు పిల్లనైపోయాను. "వదిలేయండి బాబాయిగారూ" అన్నాను.

"ఒక్క నిమిషమమ్మా, వచ్చేసింది."

"కొంచెం తొందరగా రండి బాబాయిగారూ, ప్లీజ్."

కొంచెం! మంట మీద ఉన్న విమానంలో కొంచెం! ఛీ, నా నోట్లో మన్ను పడ. చెయ్యి సాచాను, లాగుదామనే సాచాను. ఆయన తెల్ల లాల్చీ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఉంది. ఆ భుజం మీద చెయ్యి వేసి గుంజడానికి నాకు చెయ్యి రాలేదు. నా చెయ్యి అలా గాలిలో ఉండగానే ఆయన మొదటి బ్యాగు దించి, "ఇది పట్టుకోమ్మా" అన్నారు. పట్టుకున్నాను. రెండు చేతులతో అందుకున్నాను.

ఆయన వెనక ఒకావిడ ఉంది. మొహం సగమే కనిపించింది, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. రెండో చేతిలో చిన్న పర్సు. "కొంచెం జరుగుతారా అండీ?" అంది ఆయనతో. బస్సులో దిగేటప్పుడు అడుగుతామే, అలాగే.

ఆయన రెండో బ్యాగు లాగారు. అది చెయ్యి జారి వెనక్కి పడింది. వంగబోయారు. అప్పుడు నల్లటి పొగ ఒక్కసారిగా ముందుకొచ్చేసింది. ఆయన దగ్గుతూ నా మీదికి వచ్చి పడ్డారు, ఇద్దరం తలుపులోంచి కింద గడ్డిలో పడ్డాం. నేను లేచి తలుపులోకి అరిచాను. గొంతు చించుకుని అరిచాను, అబద్ధం కాదు. "రండీ! ఇటు రండీ!" అని. ఫైరింజను మనుషులు వచ్చి నన్ను లాగేశారు.

ఆ బ్యాగు ఆవిడది కాదు. ఆవిడ దేనికోసమూ ఆగలేదు. నా మర్యాద అయ్యేదాకా ఆగింది.

జూలై 16, మంగళవారం

ఎలిజబెత్ తలుపులోంచి ముప్ఫై ఎనిమిది మంది దిగారు. ఎవరికీ చర్మం కూడా కమల్లేదు.

జూలై 19, శుక్రవారం

అమ్మకి చెప్పాను. పొయ్యి దగ్గర కూర్చుని పప్పు మెదుపుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన బ్యాగని, నేను లాగలేదని, విచారణలో చెప్పేస్తానని.

అమ్మ పప్పుగుత్తి పక్కన పెట్టింది. "లాగాలా? అంత పెద్దాయన్ని? మెడ పట్టుకునా?"

"అవునమ్మా. నా ఉద్యోగమే అది."

"నేను నిన్ను అలా పెంచలేదే" అంది. ఇంకా గర్వంగానే అంది. అంటూ ఉండగానే తనకి అర్థమైంది, నోరు అలాగే ఉండిపోయింది. తర్వాత, "ఇప్పుడు చెబితే పోయిన పిల్ల వస్తుందా? ఆ పెద్దాయన బతకొద్దా? నీ ఉద్యోగం ఏమవ్వాలి?" అని గబగబా అడిగింది. పప్పు మాడింది.

జూలై 22, సోమవారం

గన్నవరం వెళ్లొచ్చాను.

ఏసీ గది, పెద్ద బల్ల. ఢిల్లీ నుంచి వచ్చిన ఆఫీసర్లు ఇద్దరు. ఒక మూల కంప్యూటరు ముందు యేసుకుమార్ గారని ఇక్కడి టైపిస్టు. నేను కాగితాలు చూడకుండా చెప్పడం మొదలుపెట్టాను. పద్నాలుగో వరసలో ప్రయాణికుడు సామాను తీస్తుంటే నేను సరిగ్గా ఆదేశం ఇవ్వలేదు సార్, అన్నాను ఇంగ్లీషులో.

పెద్ద ఆఫీసరు తలెత్తాడు. "మీరు వాడిన మాటలు ఏవి? ఎగ్జాక్ట్ వర్డ్స్."

"వదిలేయండి బాబాయిగారూ."

"మీనింగ్?"

నోరు తెరిచాను. ఏం చెప్పాలి? "లీవ్ ఇట్, అంకుల్" అన్నాను.

ఆయన రెండో ఆయన వంక చూసి తలూపాడు. "లీవ్ ఇట్. కరెక్టే కదా. కమాండ్ ఇచ్చారు."

"లేదు సార్. నేను ఆర్డర్ వెయ్యలేదు. బతిమాలాను. రిక్వెస్ట్ చేశాను."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"రెండుసార్లు కమాండ్ ఇచ్చారు, ప్రయాణికుడు పాటించలేదు. మీ తప్పేమీ లేదు, రిలాక్స్."

"సార్, మా భాషలో అలా అంటే..." అని ఆగిపోయాను. మా భాషలో అలా అంటే ఏమిటి? చివర తగిలించిన ఆ 'అండి'ని ఇంగ్లీషులోకి ఎలా తేను? వాళ్లకి నేను షాక్‌లో ఉన్నానని అనిపించింది. మంచినీళ్లు ఇప్పించారు. బ్యాగు ఆ ప్రయాణికుడిదేనని కూడా చెప్పాను. రాసుకున్నారు. ఆస్తుల గుర్తింపు పోలీసుల పని, తుది నివేదికకి ఏడాది పైన పడుతుంది, అప్పటిదాకా ఇది బయటికి రాదు, అన్నారు.

బయట వరండాలో యేసుకుమార్ గారు నా వెనకే వచ్చారు. చుట్టూ చూసి, "మేడమ్ గారూ, మీరు చెప్పింది నాకర్థమైందండీ" అన్నారు. "మా మేనమామ ఒకాయన ఉన్నాడు, అచ్చం ఆ టైపే. గట్టిగా కసిరితే తప్ప కదలడండీ. కానీ మీరన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా కొట్టాలో నాకు తెలీలేదు. 'లీవ్ ఇట్' అనే కొట్టానండీ."

"పర్లేదండీ" అన్నాను.

పామర్రు దాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. పక్కనావిడ ఏమైందమ్మా అని అడిగితే, ఉద్యోగం పోలేదండీ అన్నాను.

జూలై 23, మంగళవారం

ఏడాది పైన. అప్పటిదాకా సుస్మిత గారు బ్యాగు కోసం చచ్చిపోయిన మనిషే.

జూలై 24, బుధవారం

పొద్దున్నే బస్సెక్కి విజయవాడ వెళ్లాను. వన్ టౌన్‌లో శుభలేఖల హోల్‌సేల్ దుకాణం అని పేపర్లో చదివాను, సుస్మిత గారి భర్త జయంత్ గారిది. ఆటో సందు మొదట్లోనే ఆగిపోయింది, ముందంతా తోపుడు బళ్లు. దిగి నడుస్తుంటే వెనక నుంచి ఒకడు బస్తాల బండి తోసుకుంటూ, "ఏయ్ పాపా, జరుగు! జరుగూ!" అని అరిచాడు. ఒక్క గెంతున గోడకి అతుక్కున్నాను. బండి వెళ్లిపోయాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను.

జయంత్ గారు కొట్లో ఒక్కరే ఉన్నారు. సన్నటి మనిషి, గెడ్డం పెరిగింది. అద్దాల బీరువాల నిండా బంగారు అంచుల శుభలేఖలు. "ఆ విమానంలో వెనక తలుపు దగ్గర పనిచేసింది నేనేనండీ" అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు. కుర్చీ మీద దుమ్ము చేత్తో తుడిచి, "కూర్చోండి" అన్నారు.

నేను అడగకముందే కౌంటరు కింద నుంచి బ్యాగు తీసి బల్ల మీద పెట్టారు. ఎర్ర దారం అలాగే ఉంది. "మాది కాదని పోలీసులకి పదిసార్లు చెప్పానండీ. మా మనిషి ఇంటర్వ్యూకని ముందురోజు హైదరాబాద్ వెళ్లింది, చేతిలో పర్సు తప్ప ఏం లేదు. ఆవిడ పక్కనే దొరికింది కాబట్టి మీదేనన్నారు. లోపల కాగితాలన్నీ నీళ్లకి ముద్దైపోయాయి, పేరు కూడా కనపడలేదు."

మొత్తం చెప్పాను. ఎక్కడా ఆగలేదు. బ్యాగు బసవయ్య గారిదని, ఉయ్యూరు అని, ఆయన "ఇది పట్టుకోమ్మా" అంటే పట్టుకున్నానని. సుస్మిత గారు ఏమని అడిగిందో కూడా చెప్పాను.

ఆయన చాలాసేపు శుభలేఖల కట్టకి రబ్బరు బ్యాండు వేస్తూ తీస్తూ ఉన్నారు. "మా చిన్నికి ఐదేళ్లండీ" అన్నారు చివరికి. "బళ్లో పిల్లలు, మీ అమ్మ బ్యాగు కోసం చచ్చిపోయిందంటగా, అంటున్నారంట. నిన్న నన్నడిగింది, ఆ బ్యాగులో ఏముంది నాన్నా అని." జేబులోంచి ఫోను తీసి, "ఇదంతా ఫోన్లో చెబుతారా? నేను వీడియో తీస్తాను" అన్నారు.

సరేనన్నాను. కాగితం మీద నేను పెట్టిన సంతకం గుర్తొచ్చింది. పోతే పోనీ అనుకున్నాను. ఆయన ఫోను ఎత్తి పట్టుకున్నారు. నేను కొంగు సర్దుకుని, "అందరికీ నమస్కారమండీ. నా పేరు ఉషశ్రీ అండీ. నేను..." అన్నాను.

ఆయన ఫోను దించేశారు. కళ్లు ఎర్రగా అయిపోయాయి. "నమస్కారాలొద్దు" అన్నారు. "చెప్పు."

ఆ మాట చెంప మీద పడ్డట్టు తగిలింది. కోపం రాలేదు నాకు. చెప్పాను. ఆ అమ్మాయి బ్యాగు కోసం ఆగలేదు, ముందున్న మనిషి దారి ఇవ్వలేదు, ఆయన్ని లాగాల్సింది నేను, లాగలేదు. ఆ అమ్మాయి నా వల్ల చచ్చిపోయింది. ఇంతే చెప్పాను. బసవయ్య గారి పేరు వీడియోలో అనలేదు.

అయిపోయాక ఆయన ఫోను జేబులో పెట్టుకుని, "థాంక్సండీ. కాఫీ తెప్పించమంటారా?" అన్నారు. ఆయన నన్ను తిడతారని వెళ్లాను. కొట్టినా పడదామని వెళ్లాను.

జూలై 25, గురువారం

వీడియో రాత్రికే అందరి ఫోన్లలోకీ వెళ్లిపోయింది. కంపెనీ నుంచి ఉదయం మెయిలు. ఉద్యోగం లేదు.

అమ్మ కర్రీ పాయింట్ తెరవలేదు.

ఎలిజబెత్ ఒక్క వాక్యం పంపింది. 'ఇప్పుడు అరిచావే.' ఈసారి నవ్వే బొమ్మ లేదు.

జూలై 26, శుక్రవారం

ఆ టీవీవాళ్లే ఇవాళ నా మొహం వేశారు. కోటాయన మళ్లీ కూర్చున్నాడు. సిబ్బందికి శిక్షణ లేదండీ, అన్నాడు. 'బ్యాగు కోసం ప్రాణం' అన్నందుకు ఒక్క మాట కూడా అనలేదు. అయినా కింద అక్షరాలు మారాయి. చిన్నికి చదవడం వచ్చో రాదో.

సాయంత్రం జయంత్ గారు ఫోన్ చేశారు. "ఉయ్యూరు వెళ్లి ఆయన బ్యాగు ఆయనకి ఇచ్చేసి వచ్చానండీ."

"ఏమన్నారండీ మీరు?"

"ఏమంటానండీ? లోపల ఆవిడ మంచం మీద ఉంది. మీ బ్యాగండీ అన్నాను. ఇచ్చాను. వచ్చేశాను."

జూలై 28, ఆదివారం

బసవయ్య గారు ఫోన్ చేశారు. పేరు చూసి చాలాసేపు మోగనిచ్చాను. నా మీద కేకలేస్తారేమో అనుకున్నాను. కేకలేస్తే బాగుండు అని కూడా అనుకున్నాను.

"మా మనవడు నీ వీడియో చూపించాడమ్మా" అన్నారు. గొంతు బాగా నీరసంగా ఉంది. "నా పేరు చెప్పలేదు నువ్వు. చెప్పాల్సింది. నేను నలభై ఏళ్లు బడి నడిపినవాణ్ణి, బెల్లు కొట్టగానే పిల్లలు లేవకపోతే బెత్తం పుచ్చుకునేవాణ్ణి." తర్వాత, "ఆ పిల్ల నన్ను రెండుసార్లు అడిగిందమ్మా. నువ్వు ఒక్కసారే విన్నట్టున్నావు. రెండుసార్లు అడిగింది. జరుగుతారా అండీ అని" అన్నారు.

"మీకు వినపడిందా?"

"రెండూ వినపడ్డాయమ్మా. నువ్వన్నవీ వినపడ్డాయి."

ఇన్ని రోజుల్లో ఆయన్ని ఆ ఒక్క మాటా నేను అడగలేదు. "మరి ఎందుకు రాలేదు బాబాయిగారూ?" అన్నాను.

వెనక ఎక్కడో సీతమ్మ గారు దగ్గుతున్నారు.

"అంత మర్యాదగా చెబుతున్నారు కదమ్మా ఇద్దరూ" అన్నారు. "ఇంకా టైముందనుకున్నాను."

నేను గోడకి జారబడి కూర్చున్నాను. ఆయన ఏడుస్తున్నట్టున్నారు. ఏదో ఒకటి అనాలి కదా, పెద్దాయన.

"పర్లేదు బాబాయిగారూ" అన్నాను.